మడిచి కొలిచిన బండి

వడ్రంగి కొట్టు వెనక గది,
ముసురు పట్టిన మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు.

పాపాయి బండి క్షేమంగా చేరిందని అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మీరు ఫోన్ తీయరు కాబట్టి ఈ ఉత్తరం. అయినా మన వియ్యంకులిద్దరికీ ఫోన్ అచ్చిరాదు. నేను మొదలుపెడితే ఆపను. మీకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి వినదు. కాగితమైతే విసుగొచ్చినప్పుడు పక్కన పడేసి, కాఫీ తాగొచ్చి మళ్ళీ అందుకోవచ్చు.

అసలు నేనే ఎందుకు బండి చేయాల్సి వచ్చిందంటే, బజార్లో అమ్మే స్ట్రోలర్ల ఫొటోలు మా అమ్మాయి పంపింది. ఒకదానికి జీపు చక్రాలు. ఒకదానికి కాఫీ కప్పు పెట్టుకునే చోటు, ఫోన్ పెట్టుకునే చోటు, గొడుగు గుచ్చుకునే చోటు ఉన్నాయి, పిల్లని పెట్టుకునే చోటు మాత్రం వెతుక్కోవాలి. ఇంకొకటి రెండంతస్తులది. మీ చెల్లెమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది పిల్లని తిప్పడానికా, ఇల్లు మారడానికా?" అంది.

నేను జీవితమంతా నాటకాల కంపెనీలో సింహాసనాలు చేసినవాణ్ణి కదా. మా సింహాసనాలన్నీ మడత సింహాసనాలే. రాజుగారు పద్యం పాడి లోపలికి వెళ్ళగానే తర్వాతి రంగం అడవి. ఒక్క తన్నుతో సింహాసనం పలకలా మడుచుకుని తెర వెనక్కి పోవాలి. ఒక ఊళ్ళో మంత్రి వేషగాడి కాలు పొరపాటున తగిలి రాజు, రాజ్యం కలిసి మడత పడ్డాయి. జనం అది యుద్ధమనుకుని చప్పట్లు కొట్టారు. ఆ రాత్రే గొళ్ళెం మార్చాను. కాలితో కింది కమ్మీ తొక్కుతూ, అదే ఊపులో పిడి పైకెత్తాలి. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది, రెండూ కలిస్తేనే మడుచుకుంటుంది. పాపాయి బండికీ అదే గొళ్ళెం వేశాను. మా అమ్మాయి తెర వెనకే పెరిగింది కాబట్టి దానికి తెలుసు. మీరు కూడా ఒకసారి కాలు పెట్టి నేర్చుకోండి.

ఇంకొక మాట. రోజూ మధ్యాహ్నం మీరు పాపాయిని ఆ బండిలో వేసుకుని, మీ ఎదుటి రేకుల కప్పు మార్కెట్టులో ఆ చివర ఉన్న అమ్మాయి కొట్టు దాకా తోసుకెళ్ళి, పాలు ఇప్పించి తెస్తున్నారట. అల్లుడు బస్సు తోలుతూ వారంలో సగం ఊళ్ళ మీదే ఉంటాడు. మీరు లేకపోతే అది ఎప్పుడో బట్టలు సరిచేసే ఆ కొట్టు మూసి, మిషన్ మీద దుప్పటి కప్పేది. మొహం మీద చెప్పలేని మాట, కాగితం మీద చెబుతున్నాను.

ఇట్లు,
మీ వియ్యంకుడు


మార్కెట్టు ఎదుటి మేడ, కింది వాటా

గౌరవనీయులైన వియ్యంకుల వారికి,

మీ ఉత్తరం అందినది. బండి బాగున్నది. చక్రాలు శబ్దం చేయవు. గొళ్ళెం వ్యవహారం కోడలు చూసుకుంటుంది. ఉదయం కొట్టుకు పోతూ తెరిచి పెడుతుంది, సాయంత్రం మడుస్తుంది. కాలితో తన్ని చేసే పనులు నా హోదాకు తగవు.

హోదా అన్నాను కనుక తెలియజేయుచున్నాను. మార్కెట్టు వర్తకులు రద్దీ నియంత్రణ కమిటీ వేసి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నేను అడగలేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద జనాన్ని గీత వెనక నిలబెట్టి రిటైరైన మనిషి ఎదుటి మేడలోనే ఉన్నాడని వారికి ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారని అడగవద్దు.

కమిటీకి కారణం ఒక జోడు బండి. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చునే రకం. అది గుడ్ల కొట్టుకూ పింగాణీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్నది. ముందుకు కదిలితే పింగాణీ, వెనక్కి కదిలితే గుడ్లు. ఆ తల్లి ఎటూ కదలనన్నది. వెనక ఆగిన జనం తోపులాటలో ఒకాయన చెప్పు పోయింది, మరొకాయనకు సంబంధం కుదిరింది. పిల్లలిద్దరూ హాయిగా నిద్రపోయారు.

కాబట్టి నియమాలు రాస్తున్నాము. బండ్లు ఎడమ పక్కనే పోవలెను. రెండు బండ్లు ఎదురైనచో చిన్న బిడ్డ ఉన్న బండికి దారి ఇవ్వవలెను, వయసు విషయంలో వివాదం వచ్చినచో కమిటీ తేల్చును. దారి మధ్య బండి ఆపి ముచ్చట్లు చెప్పరాదు. బండిని మడిచే ముందు బిడ్డను బయటికి తీయవలెను. ఈ ఆఖరి దాని మీదే చర్చ ఎక్కువ జరిగినది. కమిటీలోని లెక్కల మాస్టారు అనవసరమన్నారు. గడియారాల కొట్టాయన, "రాసి ఉండనివ్వండి సార్, రేపు ఎవరైనా మాకు చెప్పలేదే అంటారు" అన్నాడు.

ఇక వెడల్పు నిర్ణయించవలసి ఉన్నది. నమూనాగా మన బండినే తీసుకుపోవుచున్నాను.

ఇట్లు,
అధ్యక్షుడు, రద్దీ నియంత్రణ కమిటీ


వడ్రంగి కొట్టు వెనక గది

అధ్యక్షుల వారికి,

మీ చెల్లెమ్మకు మీ నియమాలు చదివి వినిపించాను. "ఆ కమిటీలో ఒక్కరైనా ఎప్పుడైనా పిల్లల బండి తోశారేమో కనుక్కోండి" అంది. మీరు తోస్తున్నారు కదా అన్నాను. "అందుకే ఆయన్ని అడగమంటున్నా, మిగిలినవాళ్ళని ఆయన అడగాలి" అంది. నాకు అర్థం కాలేదు గానీ మీకు చేరవేస్తున్నాను.

కమిటీ అంటే గుర్తొచ్చింది. మా కంపెనీ మేనేజరు ఒకాయన వేషగాళ్ళకి రూలు పెట్టాడు, రంగస్థలం మీద ఎవరూ గట్టిగా అడుగు వేయకూడదని. ప్రేక్షకులకి చప్పుడు ఇబ్బందట. ఆ వారం నాటకంలో రాక్షసుడు పిల్లిలా వచ్చి గర్జించాడు. ముందు వరసలో పెద్దావిడ, "పాపం ఒంట్లో బాగోలేదేమో" అని జాలిపడింది. రాసేవాడు రాక్షసుడి కాలితో ఒకసారి నడిచి చూడాలి బావగారూ.

అన్నట్టు, పిడి మీద రబ్బరు తొడుగు అప్పుడే అరిగిందని అమ్మాయి అంది. అదీ కుడి పక్క. పాపాయి పూలబుట్టంత బరువు, దానికి పిడి రబ్బరు అరగదే అనుకున్నాను. ఇంతకంటే మందమైంది పంపుతున్నాను. వేయించుకోండి.

మీ వియ్యంకుడు


మార్కెట్టు ఎదుటి మేడ

గౌరవనీయులైన వియ్యంకుల వారికి,

రబ్బరు అందినది. ఎండలకు అరిగి ఉండును.

శుభవార్త. వెడల్పు నిర్ణయమైనది. పద్నాలుగు అంగుళాలకు మించిన బండిని మార్కెట్టులోనికి అనుమతించరు. టేపు నేనే స్వయంగా పట్టాను. మన బండి ఆ కొలతకు సరిగ్గా సరిపోయినది. గేటు దగ్గర బోర్డు పెట్టించాము. నీలం మీద బంగారు రంగు అక్షరాలు. వాచ్‌మన్‌కు ఒక కొలబద్ద ఇచ్చాము. మొదటి రోజు ఒక్క బండి కూడా లోపలికి రాలేదు. నియమాలు ఇంత త్వరగా పనిచేయుట నా సర్వీసులో చూడలేదు.

కోడలు కులాసా. పాపాయి కులాసా. మిగతా విషయాలు తరువాత.

ఇట్లు,
అధ్యక్షుడు


వడ్రంగి కొట్టు వెనక గది,
ఉత్తరం అందిన గంటకే

బావగారూ,

పద్నాలుగు అంగుళాలా?

ఆ బండి నేను కోశాను, నేను అతికాను, నేను రంగు వేశాను. తెరిస్తే ఇరవై రెండు. పద్నాలుగు అంగుళాల బండే కావాలంటే నన్ను అడగండి, బిడ్డని మార్చలేం గానీ బండి ఆలోచిస్తాను. ఆలోచించాను కూడా, రాత్రి మీ చెల్లెమ్మ దీపం ఆర్పమని అరిచేదాకా. ఒకటి నిలువు బండి, బిడ్డని గొడుగులా నిలబెట్టి తోసుకుపోవడం. ఒకటి గొట్టం బండి, చాపలా చుట్టి పెట్టడం. ఇంకొకటి పలక బండి, ఇందులో బిడ్డ పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి, గుడ్ల కొట్టు దాటాక వదలొచ్చు. బొమ్మలు గీసి పంపుతున్నాను, కమిటీలో పెట్టండి.

ఇప్పుడు నవ్వు మాని అడుగుతున్నాను. ఆ కొలత మడత బండిది. గోడకి ఆనించి, మడిచింది మడిచినట్టే కొలిచారు. అవునా కాదా? రోజూ తోసే బండి వెడల్పు మీకు తెలియదా?

అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. "మామయ్యగారు పాపని తీసుకురావడం మానేశారు నాన్నా. నేనే మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికెళ్ళి పాలిచ్చి వస్తున్నా. జనం వచ్చేదే ఆ వేళకి, తలుపేసి ఉంటే పక్క కొట్టుకి పోతున్నారు. ఇలాగైతే నెలాఖరుకి కొట్టు వదిలేస్తా" అంది. దానికి ఏడుపొస్తే ఫోను అమ్మకివ్వమంటుంది. నిన్న అమ్మకివ్వమంది.

ఇంత చిన్న మార్కెట్టు. బండి వద్దంటే వద్దు, పిల్లని ఎత్తుకుని తీసుకెళ్ళచ్చు కదా బావగారూ?

మీ వియ్యంకుడు


మార్కెట్టు ఎదుటి మేడ

వియ్యంకుల వారికి,

బిడ్డను ఎత్తుకొని పోవుట వీలుపడదు. కారణాలు కలవు. అవి పరిపాలనా సంబంధమైనవి.

రెండవ విషయం. మీరు అడిగారు కనుక చెబుతున్నాను, చెల్లెమ్మకు చదివి వినిపించవద్దు. ఆ రోజు సాయంత్రం కమిటీ గదిలో, కోడలు మడిచిపెట్టిన బండి తెరవబోయాను. తెరుచుకోలేదు. లెక్కల మాస్టారు ఒక పక్క లాగారు, గడియారాల కొట్టాయన ఒక పక్క లాగాడు. బ్యాంకు మేనేజరుగా చేసినాయన తాళం చెవి ఎక్కడని అడిగాడు. అందరూ నా వంక చూశారు. మా ఇంటి బండి. నేను అధ్యక్షుణ్ణి. "బండ్లను మడత స్థితిలోనే కొలుచుట పద్ధతి" అన్నాను. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే వాళ్ళకూ తెలిసి ఉండాలి కదా.

రోజూ తోసే బండి వెడల్పు నాకు తెలియదా అన్నారు. తెలుసు. అంతమంది చూస్తుండగా తెలియదు.

ఇప్పుడు బోర్డు పెట్టేశారు. నా పేరున పెట్టారు. నేనే వెళ్ళి తప్పు కొలిచానంటే, రేపు ప్లాట్‌ఫారం మీద గీత కూడా తప్పు గీశాడంటారు.

ఇట్లు,
అధ్యక్షుడు


వడ్రంగి కొట్టు వెనక గది,
వాన వెలిసిన పొద్దు

బావగారికి,

చెల్లెమ్మకు చదివి వినిపించలేదు. తనే తీసుకుని చదువుకుంది. చదివి నవ్వలేదు, అది మీరు గమనించాలి.

మార్కెట్టు మానేసినా మీరు పాపాయిని వరండాలోనే తిప్పుతున్నారట, నేను పంపిన మందం రబ్బరు కూడా కుడి పక్కే అరిగిందట. అమ్మాయి మామూలుగా చెప్పింది, దానికేమీ తోచలేదు. నేను మాత్రం ఉలి పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీకొక కథ చెబుతాను. మా కంపెనీలో రాజు వేషం కట్టే పెద్దాయన ఉండేవాడు. గొంతు విప్పితే గంట మోగినట్టే. చివరి రోజుల్లో కాళ్ళు పట్టు తప్పాయి. ఎవరికీ చెప్పడు. రాజు కదా, ఎలా చెబుతాడు. నాకు ఎలా తెలిసిందంటే, సింహాసనానికి కుడి పక్క చెయ్యి ఆన్చే పట్టె మీద బంగారు రంగు ఊరూరికీ లేచిపోతుండేది. ఎన్నిసార్లు వేసినా అక్కడే లేచేది. ఒక రోజు ఆయన్ని ఏమీ అడక్కుండా ఆ పట్టెని రెండు వేళ్ళు ఎత్తు పెంచి, కింద ఇనుప కడ్డీ వేశాను. ఆ రాత్రి ఆయన చెయ్యి ఆనించి నిలబడి పద్యం అందుకున్నాడు. జనం ఠీవి అన్నారు. పత్రికలో కూడా ఠీవి అని రాశారు. కంపెనీ మూతపడే దాకా ఆయన నిలబడే పాడాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను, మీరు కూడా ఎవరికీ చెప్పకండి.

అంతే కథ. బండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

గొళ్ళెం సంగతి మళ్ళీ చెబుతాను. కింది కమ్మీని ఎడమ కాలితో తొక్కండి, కుడి కాలికి పని లేదు. రెండు చేతులూ పిడి మీదే ఉంటాయి. వదలక్కర్లేదు. ఆ బండిని వాళ్ళ ముందు తెరిచి చూపండి బావగారూ. అమ్మాయి కొట్టు మూసేస్తే ఇక మధ్యాహ్నాలు మీరు ఆ బండి ఎక్కడికని తోస్తారు?

మీ వియ్యంకుడు


మార్కెట్టు ఎదుటి మేడ

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాజుగారి కథ ఇంకోసారి.

అది అందిన మర్నాడు మధ్యాహ్నం పాపాయిని బండిలో వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ లేచి నమస్కారం పెట్టి కొలబద్ద అడ్డం పెట్టాడు.

"ఇరవై రెండు సార్. కుదరదు."

"నన్ను గుర్తుపట్టలేదా?"

"పట్టాను కాబట్టే సార్. మీరే చెప్పారు, నేనొచ్చినా ఆపమని. మడిచేసి పాపని ఎత్తుకుని వెళ్ళండి."

నిజమే, చెప్పాను. ఆ రోజు బాగా చెప్పానని కూడా అనుకున్నాను. సరే అని పాపాయిని ఎత్తుకున్నాను. ఎత్తుకోవాలంటే పిడి వదలాలి కదా బావగారూ. వదిలాను. ఒక అడుగు వేశాను, రెండోది వేయలేదు. బోర్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. వాచ్‌మన్ నా కాళ్ళ వంక చూశాడు, తర్వాత బోర్డు వంక చూశాడు. పాపాయిని అందుకుని, తన స్టూలు తెచ్చి నా వెనక పెట్టాడు. "కూర్చోండి సార్. ఎండగా ఉంది" అన్నాడు. పైన రేకులున్నాయి, ఎండ ఎక్కడిది.

వెనక జనం ఆగారు. ఎవరో వెళ్ళి కొట్లో చెప్పినట్టున్నారు, కోడలు మెళ్ళో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది మామయ్యగారూ?"

"చక్రం బిగుసుకుంది" అన్నాను.

కోడలు చక్రం వంక చూడలేదు. నా మోకాలి వంక చూసింది, పిడి మీద రబ్బరు వంక చూసింది. "సరే, చక్రమే" అంది.

నేను కదలను కాబట్టి కమిటీయే గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళ ముందు కోడలి చేత బండి మడిపించి, నేనే లేచి, రెండు చేతులూ పిడి మీద పెట్టి, ఎడమ కాలితో తొక్కాను. మొదటిసారి తెరుచుకోలేదు. కోడలు పక్కనుంచి మెల్లగా, "ఎత్తుతూ తొక్కాలి, తొక్కి ఎత్తడం కాదు" అంది. తెరుచుకుంది. కోడలు మెళ్ళో టేపు తీసి కొలిచింది. ఇరవై రెండు. "నేను మడిచి కొలిచాను. తెరవడం తెలియక" అన్నాను.

నేను రాజీనామాకి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు గడియారాల కొట్టాయన, బంగారు రంగు అక్షరాలు చెరిపితే నీలం కూడా పోతుందన్నాడు. లెక్కల మాస్టారు గడ్డం గోక్కుని, "కొలత తప్పేమీ కాదు సార్. ఏ స్థితిలో కొలవాలో రాయలేదు, అంతే" అన్నారు. అక్కడికక్కడే తీర్మానమైంది: బండ్లను మడత స్థితిలోనే కొలవవలెను, కొలిచిన పిదప తెరిచి లోనికి పోవచ్చును.

ఇప్పుడు గేటు దగ్గర ప్రతి తల్లీ బిడ్డని ఎత్తి వాచ్‌మన్‌కిచ్చి, బండి మడిచి, కొలిపించి, తెరిచి, బిడ్డని వెనక్కి తీసుకుని లోపలికి పోతోంది. వాచ్‌మన్‌కి జోల పాటలు వచ్చేశాయి. జోడు బండి కూడా మడిస్తే పద్నాలుగే, కాబట్టి అదీ పోతోంది. లోపల రద్దీ పూర్తిగా తగ్గింది, జనమంతా గేటు దగ్గరే ఉన్నారు కనుక. కమిటీ దీన్ని విజయంగా నమోదు చేసింది. నేను సంతకం పెట్టాను.

కోడలి కొట్టు మధ్యాహ్నాలు తెరిచే ఉంటోంది.

అంతా బాగుంది గానీ ఒక ఇబ్బంది వచ్చింది. ఇది జరిగిన ఈ కొద్ది నెలల్లో పాపాయి నడక నేర్చింది. బండి ఎక్కనంటోంది. పక్కన నడుస్తానని మారాం. రోజూ బతిమాలి ఎక్కిస్తున్నాను, అది నాకోసం ఎక్కుతోందేమోనని కూడా అనిపిస్తోంది. రేపో ఎల్లుండో అసలు ఎక్కదు. ఖాళీ బండి తోసుకుని మార్కెట్టులో తిరిగే ముసలాణ్ణి చూసి జనం ఏమనుకుంటారు? కర్ర పట్టడం నావల్ల కాదు బావగారూ. నా మోకాలు బాగోలేదు. ఇది చెల్లెమ్మకు చదివి వినిపించినా పరవాలేదు.

ఇట్లు,
పాపాయి తాతయ్య


వడ్రంగి కొట్టు వెనక గది

బావా,

ఉత్తరంతో పాటు పార్సిలు వచ్చి ఉంటుంది. విప్పండి. అందులో ఉన్నది బుట్ట, దాంతో పాటు కొత్త పిడి. పాపాయి సీటు తీసేసి ఆ కొక్కేలకే తగిలించండి. సరిచేసిన బట్టలు ఇళ్ళకి చేరవేయడానికి మనిషి దొరకడం లేదని అమ్మాయి ఎప్పట్నుంచో అంటోంది. ఎవరైనా అడిగితే కోడలి కొట్టు మూటలు అనండి. ఉత్తుత్తికి అనకండి, నిజంగానే మోయండి, అమ్మాయి మీకు టీ ఇప్పిస్తుంది. పాపాయి బుట్ట అంచు పట్టుకుని పక్కన నడుస్తుంది, దానికోసం ఆ పక్క అంచు గుండ్రంగా చెక్కాను.

మీ చెల్లెమ్మ ఉత్తరం చదివి, బుట్టకి లోపల గుడ్డ తనే కుట్టింది. "పిడి ఆయన నడుం ఎత్తుకి పెంచారా లేదా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. కొత్త పిడి పెంచే పెట్టాను. లోపల ఇనుప కడ్డీ ఉంది. రబ్బరు రెండు పక్కలా మందమే.

మీ నియమాలన్నీ తీసి మళ్ళీ చదివాను. బిడ్డ లేని బండి గురించి అందులో ఒక్క ముక్క లేదు. అలాగే ఉండనివ్వండి, దాని మీద కమిటీ వేయకండి.

కొలత గురించి బెంగ పెట్టుకోకండి. మడిచే కొలిచాను.

మీ బావ